మొక్కల పాలీఫినాల్స్ కొవ్వు జీర్ణాన్ని నిజంగా అడ్డుకుంటాయా?

గ్రీన్ టీలోని కాటెకిన్లు (పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాల్లో ఒక రకం), ముఖ్యంగా ఈజీసీజీ అనే కాటెకిన్, యాంటీఆక్సిడెంట్లుగా పనిచేయడమే కాక, కొవ్వును విడగొట్టే క్లోమ లైపేజ్ ఎంజైమును పరీక్షనాళికలో నిరోధిస్తాయని చదివాను. అయితే ఇదే ఎంజైమును నిరోధించి బరువు తగ్గించే ఆర్లిస్టాట్ మందును 120 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు భోజనంతో తీసుకుంటే, ఆహారంలోని కొవ్వులో సుమారు 30 శాతం శోషణ కాకుండా ఆగుతుంది. మామూలుగా తాగే టీ ఆ దరిదాపుల్లోకైనా వస్తుందా అన్నదే నా సందేహం. పాలీఫినాల్స్‌కు ఆహారంలోని ప్రోటీన్లను అంటిపెట్టుకునే గుణం ఉంది కనుక, ఎంజైమును చేరేలోపే వాటి బలం తగ్గిపోతుందేమో (ఇది నా ఊహ మాత్రమే). గాఢమైన గ్రీన్ టీ సారం మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లదలచుకోలేదు. మనుషుల మలంలో కొవ్వును కొలిచి చూసిన పరీక్షల ఫలితాలు తెలిసినవారు, కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్ల శోషణ కూడా తగ్గుతుందో లేదో దయచేసి వివరించగలరా?