చెల్లికి ఫిట్స్ వచ్చాయి, తిండి విషయానికీ దానికీ సంబంధం ఉందా?

రాజోలు అక్క:

నమస్కారమండి. మాది రాజోలు పక్కన పల్లెటూరు. మా చెల్లికి 19 ఏళ్లు, భీమవరంలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. పోయిన నెల సెలవులకి ఇంటికొచ్చి, పొద్దున్నే పెరట్లో ముఖం కడుక్కుంటూ పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుని నోట్లో నురగ వచ్చింది, రెండు మూడు నిమిషాలకి ఆగింది. ఈలోపు నాన్నమ్మ తాళాలగుత్తి చేతిలో పెట్టింది, పక్కింటావిడ ఉల్లిపాయ పట్టుకొచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్తే స్కాన్, మెదడుకి తీసే ఈఈజీ రెండూ బాగున్నాయన్నారు. సెలైన్ పెట్టి, ఫిట్స్ మాత్రలు రాసి, మూడో రోజు పంపేశారు. ఎందుకొచ్చిందండీ అంటే "నీరసం, సరిగ్గా తినమనండి" అన్నారు, అంతే.

ఇంటికొచ్చాక ఫైలు తిరగేస్తే రక్తపరీక్ష కాగితంలో సోడియం 118, పొటాషియం 2.9 అని ఉంది. దాని గురించి మాతో ఎవరూ మాట్లాడలేదు.

అసలు సంగతి వేరే ఉంది. కార్తీకంలో నక్తాలు ఉంటానంది, సరే అనుకున్నాం. కార్తీకం అయిపోయినా సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు అంటూ వదల్లేదు. అమ్మ మురిసిపోయి ఊరంతా చెప్పుకుంది, మా చిన్నదానికి ఎంత భక్తో అని. తిన్న రోజు మాత్రం ఇద్దరి తిండి తింటుంది, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పేస్తుంది. పెద్ద నీళ్ల సీసా ఎప్పుడూ చేతిలోనే. మొన్న దాని బ్యాగు సర్దుతుంటే విరేచనాలు అయ్యేందుకు వేసుకునే మాత్రలు కనిపించాయి. అడిగితే ఏడ్చేసి అమ్మకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. పైగా ఫిట్స్ అన్న మాట బయటికొస్తే సంబంధాలు రావని ఇంట్లో ఒకటే టెన్షన్. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

ల్యాబ్ బాబు, కాకినాడ:

మీరు ఎక్కువేమీ ఆలోచించట్లేదండి. నేను డాక్టర్ని కాదు, కానీ ఇలాంటి కాగితాలు రోజూ చూసేవాణ్ణి. సోడియం, అంటే రక్తంలో ఉప్పు, 135 నుంచి 145 మధ్య ఉండాలి. 118 అంటే బాగా తక్కువ, ఆ స్థాయిలో ఫిట్స్ రావడానికి వేరే కారణం అక్కర్లేదు. వాంతులతో, విరేచనాలతో ఉప్పు బయటికి పోతుంది, పోయినదాని బదులు ఉత్త నీళ్లు తాగుతుంటే మిగిలిన ఉప్పు ఇంకా పల్చబడుతుంది. అప్పుడు నీరు కణాల్లోకి లాగేసుకుని మెదడు ఉబ్బుతుంది, పుర్రెలో దానికి చోటు లేదు కదా. నెమ్మదిగా తగ్గితే కొందరు ఆ అంకెతో తిరిగేస్తుంటారు, గబుక్కున పడిపోతేనే ఎక్కువ ప్రమాదం.

పొటాషియం సంగతి వేరు. అది తగ్గితే మెదడు కంటే ముందు గుండెకి ఇబ్బంది. గుండె లయ తప్పి మెదడుకి రక్తం అందకపోతే మనిషి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు, చూసేవాళ్లకి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. అందుకే ఈసీజీ తీశారో లేదో ఫైల్లో చూడండి. కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, షుగర్ కూడా అడగండి, వీటిలో ఏది బాగా పడిపోయినా ఫిట్స్ రావచ్చు.

లంక రైతు:

అమ్మా, మన కోనసీమలో మందెందుకు? రోజూ రెండు లేత బొండాలు కొట్టించి తాగించు, నెల తిరిగేసరికి లేచి కూర్చుంటుంది. మా ఇంట్లో ఎండదెబ్బకైనా, వాంతులకైనా అదే.

ల్యాబ్ బాబు, కాకినాడ:

బాబాయ్ గారూ, కోనసీమ గడ్డ మీద కొబ్బరినీళ్లని తప్పుపడితే నన్ను ఊళ్లోకి రానివ్వరేమో గానీ, ఇక్కడ అది పనికిరాదండి. బొండాంలో పొటాషియం బాగానే ఉంటుంది, సోడియం చాలా తక్కువ. ఈ అమ్మాయికి ముందు కావాల్సింది సోడియం, పైగా నీళ్లు ఎక్కువవడమే సగం గొడవ. అలాగని ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించకండి. సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు, ఆస్పత్రిలో రక్తం చూసుకుంటూ నెమ్మదిగా పెంచుతారు.

పాలకొల్లు పిల్ల:

అక్కా, నీ పోస్టు చదివి చాలాసేపు ఊరుకున్నాను. ఆరేళ్ల కిందట నేనూ మీ చెల్లెలి లాంటిదాన్నే. అతిగా తినేసి, వెంటనే వాంతి చేసుకునో మాత్రలు వేసుకునో బయటికి పంపేసే ఈ జబ్బుకి బులీమియా అని పేరు. నాకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, మొదటిసారి గాలి సోకిందని తాయెత్తు కట్టారు. దవడల దగ్గర వాపు ఉండేది, గవదబిళ్లలు అనుకుని పసుపు రాసేవాళ్లు, తర్వాత తెలిసింది అది వాంతుల వల్ల లాలాజల గ్రంథులు ఉబ్బడమని. మొదట పట్టుకున్నది పళ్ల డాక్టరు, ముందు పళ్లు లోపలివైపు అరిగిపోయి ఉంటే అమ్మని బయటికి పంపి, వాంతి చేసుకుంటున్నావా అని మెల్లగా అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

కాబట్టి ఒట్టు గిట్టు పక్కన పెట్టు. అమ్మకి ఇప్పుడే చెప్పకపోతే పోనీ, డాక్టరుకి మాత్రం చెప్పాల్సిందే. వాంతులు, మాత్రలు, నీళ్లు, మూడూ చెప్పు. చెప్పకపోతే వాళ్లు ఫిట్స్‌కి మందు ఇస్తూనే ఉంటారు, ఉప్పు పడిపోతూనే ఉంటుంది. నాకు జరిగింది అదే.

ఇంకోటి. నిజం తెలిశాక మా నాన్నమ్మ సున్నుండలు, పూతరేకులు, నెయ్యన్నం అని మీద పడింది. అది కూడా ప్రమాదమేనట. చాన్నాళ్లు కడుపు మాడ్చుకున్నవాళ్లకి ఒక్కసారిగా తిండి ఎక్కువైతే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకీ మెదడుకీ ముప్పు, ఫిట్స్ కూడా రావచ్చు. నాకు కొద్దికొద్దిగా పెంచారు. మానసిక వైద్యుడి దగ్గరికి ఏడాదిన్నర తిరిగాను, పిచ్చి అనుకుంటారని మొదట్లో ఒకటే సిగ్గు. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు.

మందుల కొట్టు:

రెండే మాటలండి. ఇచ్చిన ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు, హఠాత్తుగా ఆపితే మళ్లీ రావచ్చు. రెండోది, మానసిక వైద్యుడు ఏ మందు రాసినా ఫిట్స్ వచ్చిన సంగతి ముందే చెప్పండి. బుప్రోపియాన్ అని డిప్రెషన్‌కీ, సిగరెట్ మానడానికీ ఇచ్చే మందు ఉంది, బులీమియా, లావవుతామన్న భయంతో తిండి మానేసే అనోరెక్సియా ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదని దాని వివరాల కాగితంలోనే ఉంటుంది, ఫిట్స్ వస్తాయని. అలాగే ఫిట్స్ మందుల్లో టోపిరామేట్ ఆకలిని చంపేస్తుంది, బరువు తగ్గిస్తుంది. తిండితో గొడవ ఉన్న పిల్లకి అది రాసి ఉంటే డాక్టరుని ఒకసారి అడగండి.

మళ్లీ ఫిట్స్ వస్తే తాళాలు, ఉల్లిపాయలు వద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడండి, అయిదు నిమిషాలు దాటితే 108.

రాజోలు అక్క:

అందరికీ థాంక్సండి. ఫైలు మళ్లీ చూశాను, ఈసీజీ లేదు. రాసిన మాత్ర టోపిరామేట్ కాదు, వేరేది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పాలకొల్లు చెల్లెలు రాసింది చదివి వినిపించాను, గవదబిళ్లల దగ్గరికి వచ్చేసరికి దవడ తడుముకుంది. డాక్టరుకి చెప్పడానికి ఒప్పుకుంది, కానీ నేను గదిలో ఉండకూడదట. ఉండనన్నాను. ఇది ఉప్పు తగ్గడం వల్ల వచ్చిందా, మూర్ఛరోగమా అన్నది కూడా అక్కడే అడుగుతాను, అమ్మ బెంగ దాని మీదే కదా.

రేపు పొద్దున్నే కాకినాడ బయల్దేరుతున్నాం. రేపు సోమవారం, దానికి ఇడ్లీ పెట్టాలని అమ్మతో అన్నాను, ఉపవాసం చెడగొడుతున్నానని నాతో మాట్లాడ్డం లేదు.