నివేదికలో పెరిగిన అడవి వెలిగొండల మీద కూడా పెరిగిందా?

వెలిగొండ_కింద:
ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక చూస్తే దేశంలో అడవి విస్తీర్ణం అన్నిటికంటే ఎక్కువ పెరిగింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. రెండేళ్లలో 647 చదరపు కిలోమీటర్లు పెరిగి మొత్తం 29,784 అయింది. వెలిగొండ కొండలున్న నెల్లూరు, ప్రకాశం వైపు దీన్ని అడవి పెరుగుదలగా ఒప్పుకోవచ్చా? ఒప్పుకోకూడదనే అంటాను. నేల ఒక హెక్టారు ఉండి, దాంట్లో 10 శాతం మీద కొమ్మల కప్పు ఉంటే చాలు, ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. పట్టా భూమా, ఫారెస్టు భూమా, ఏ జాతి చెట్టు అనేది చూడరు. కందుకూరు వైపు జామాయిల్, సుబాబుల్, తీరం వెంబడి సర్వి (సరుగుడు) తోటలు, చెరువు పోరంబోకుల్లో కమ్ముకున్న చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), అన్నీ అడవే అయిపోతున్నాయి.

సర్వితోట_రైతు:
అన్నా, తోటల్ని అంత తేలిగ్గా తీసిపారేయొద్దు. పేపరు మిల్లులకు కర్ర ఈ పొలాల నుంచే పోతోంది. ఇవి లేకపోతే గొడ్డలి కొండకే ఎక్కేది. ఒక్కటి మాత్రం నిజం. నాలుగేళ్ల సర్వి కొట్టేస్తే మళ్లీ నారు నాటాల్సిందే. జామాయిల్ అయితే మోడు నుంచి చిగురేస్తుంది. కర్ర ధర పడిపోయిన ఏడు రైతు మోళ్లు పీకించి శనగో పొగాకో వేస్తాడు, నివేదికలో అడవి తగ్గుతుంది. ధర లేస్తే పెరుగుతుంది. ఇది కొలిచే పద్ధతిలోని లోపం, దాన్ని రైతు మీద వేయకండి.

బీటు_బాట:
ఇద్దరూ తోటల దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు కొండ మీద ఉంది. ఈ నివేదికకు ఉపగ్రహ చిత్రాలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య తీసుకుంటారు. దేశంలో చాలా చోట్ల అప్పటికి వానలు వెలిసిపోతాయి. నెల్లూరుకు అదే అసలు వానాకాలం, ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. వాన ముందే పడిన ఏడు కొండ పచ్చగా ఉంటుంది, ఆలస్యమైన ఏడు అదే కొండ ఎండు రంగులో ఉంటుంది. చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్లు. 10 శాతం గీత దగ్గర ఊగిసలాడే పొదల అడవి, ఒక్క చెట్టూ పెరగకుండానే, ఒక నివేదికలో అడవిగానూ ఇంకో నివేదికలో పొదలుగానూ పడొచ్చు. పైగా 2022లో కందుకూరు నెల్లూరులో కలిసింది, సూళ్లూరుపేట తిరుపతికి పోయింది. అది చూసుకోకుండా జిల్లా లెక్కలు పక్కపక్కన పెట్టి వాదించుకుంటే లాభం లేదు.

రాపూరు_చేవ:
ఎర్రచందనం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేల నుంచి జానెడు ఎత్తున కోసిన మోడు చుట్టూ నాలుగైదు పిలకలు లేస్తాయి. ఒక్కోటి మణికట్టు లావు కూడా ఉండదు గానీ ఆకు గుబురుగా వేస్తాయి. పైనుంచి చూస్తే నీడ తిరిగొచ్చినట్టే ఉంటుంది. లోపల చేవ (నడిమి గట్టి కర్ర) లేదు, అది కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నిటారు మానులు పోయాక గింజకు మిగిలేవి వంకర చెట్లే. రాలిన గింజ మొలిచినా వేసవి మంటకు పైభాగం మాడిపోతుంది. వేరు బతికుంటే వానలకు మళ్లీ లేస్తుంది. ఏటా మంట తగిలితే వేరులో దాచుకున్న బలం అయిపోయి మొక్క చచ్చిపోతుంది. అలాంటి చోట పెద్ద చెట్లు ముసలివవుతుంటాయి, వాటి వెనక మొక్క ఉండదు. దీన్ని ఏ ఉపగ్రహం పట్టుకుంటుంది?

సర్వితోట_రైతు:
మరి ఎట్టా కొలవమంటావు అన్నా? విమర్శ ఎవరైనా చేస్తారు.

రాపూరు_చేవ:
31.6 మీటర్ల భుజంతో చదరం వేస్తే హెక్టారులో పదో వంతు. మూలల్లో రాళ్లు పాతి జీపీఎస్ పాయింట్లు రాసుకోవాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున ప్రతి చెట్టు చుట్టుకొలత తీసి 10–30, 30–60, 60 సెంటీమీటర్ల పైన అని విడదీయాలి. పిలకల్ని విడి వరుసలో రాయాలి, లేకపోతే ఒక మోడు ఐదు చెట్లవుతుంది. తాడును ఏటవాలు వెంబడి పరవొద్దు, నీటిమట్టంలా సమంగా పట్టాలి. 30 డిగ్రీల వాలులో 31.6 మీటర్ల తాడు పరిస్తే నిజమైన దూరం 27.4 మీటర్లే, ఆ మేరకు చెట్లు తక్కువ తేలతాయి. బాట పక్కన సులువుగా ఉందని చదరం వేయడం ఇంకా పెద్ద తప్పు, మేత, నరుకుడు అక్కడే ఎక్కువ. మూడేళ్లకోసారి అదే నెలలో కొలిస్తే చాలు. 10–30 సన్న చెట్ల వరుస ఖాళీగా ఉంటే కప్పు ఎంత ఉన్నా ఆ అడవికి వారసులు లేనట్టే.

వెలిగొండ_కింద:
రిజర్వు అడవిలో రాయి పాతాలంటే ఫారెస్టు వాళ్ల అనుమతి కావాలి. వన సంరక్షణ సమితులున్న ఊళ్లలో వాళ్ల ద్వారా అడిగితే మేలు.

బీటు_బాట:
అంతవరకు అదే నివేదికలో రికార్డు అటవీ భూమి (ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా రాసున్న భూమి) లోపల ఎంత, బయట ఎంత అని విడదీసిన పట్టిక చూడండి. బయటి పెరుగుదలను సర్వితోట అన్న లెక్కలో వేసి, లోపలిదాని మీదే ఇక్కడ వాదిద్దాం. పొదల విస్తీర్ణం కూడా పక్కన పెట్టుకోండి. పొదలు ఎంత తగ్గాయో దాదాపు అంతే అడవి పెరిగినట్టు కనిపిస్తే, ముందు ఆ రెండేళ్ల అక్టోబరు, నవంబరు వానలు తీసి చూడాలి.