కైరోలో ఒక రోజు ఖాళీ: పోర్ట్ సయీద్ వెళ్లొచ్చా?

విజ్జి_హైద్:
పిరమిడ్లు, మ్యూజియం అయ్యాక మాకో రోజు మిగులుతోంది. అందరూ అలెగ్జాండ్రియా అంటున్నారు. నాకేమో సూయజ్ కాలువలో పోయే ఓడల్ని దగ్గర్నుంచి చూడాలనుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. పోర్ట్ సయీద్ వెళ్తే ఓడలు కనిపిస్తాయా?

కువైట్_శీను:
మూడు గంటల ప్రయాణం చేసి బట్టల బజార్లు చూడ్డానికా? అలెగ్జాండ్రియాకే నా ఓటు.

భీమిలి_ఇంజన్:
శీనూ, అంత మాట అనకు. మర్చంట్ నేవీలో ఉండగా ఆ కాలువ ఎన్నిసార్లు దాటానో. చూసింది మాత్రం ఇంజన్ రూం గేజీలే! 193 కిలోమీటర్లూ డెక్ మీదవాళ్లు ఫొటోలు దిగుతుంటే కింద మేం చెమటలు కక్కుతూ స్టాండ్‌బైలో ఉండేవాళ్లం. రిటైరయ్యాక మా ఆవిడతో వెళ్లి, ఒడ్డున నిలబడి తీరిగ్గా చూశాను.

విజ్జమ్మా, నేరుగా, కాలువకి అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్ ఫువాద్ ఊరికి వెళ్లే ఫెర్రీ దగ్గరికి వెళ్లండి. టికెట్ లేదు. కార్లు కూడా ఎక్కే ఫెర్రీ కాబట్టి అమ్మగారికి మెట్ల బాధుండదు. కాలువకి అడ్డంగా దాటిస్తుంది. వెనక్కి తిరిగితే కాలువ సంస్థ భవనం, దాని మూడు పచ్చ గుమ్మటాలు. అటు దిగి, మళ్లీ ఇటు రండి, అడిగేవాడు లేడు.

ఒక్క మాట. 1980లో ఊరికి తూర్పున బైపాస్ తవ్వారు. అటు పోయే ఓడలు ఊరివైపు రావు. అందుకని వరసగా కనిపిస్తాయని ఆశపడొద్దు, కాస్త ఓపికుండాలి. ఈలోగా ఒడ్డున లెసెప్స్ దిమ్మె చూడండి. కాలువ తవ్వించినాయన విగ్రహం 1899లో పెట్టారు, 1956 సూయజ్ యుద్ధం అవగానే కూల్చేశారు. దిమ్మె ఉంది, మనిషి లేడు. 1869 నాటి కాంక్రీటు లైట్‌హౌస్ 56 మీటర్లుంటుంది గానీ, ఇప్పుడు అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుపోయింది. యూనిఫాం వాళ్లు వద్దంటే ఫోన్ లోపల పెట్టేయండి, వాదించకండి.

విజ్జి_హైద్:
థాంక్స్ బాబాయిగారూ, వెళ్తున్నాం. అమ్మ చేప ముట్టదు, ఏం తింటుంది?

భీమిలి_ఇంజన్:
తామియా అడగండమ్మా. బాకలా (ఫావా బీన్స్) గింజలు రుబ్బి వేయిస్తారు, మన మసాలా వడకి వేలువిడిచిన చుట్టం. చేప మాత్రం మీరు వదలకండి, కళ్లముందే కాల్చిస్తారు.

కువైట్_శీను:
ఫెర్రీ ఫ్రీ అని ముందే చెప్పాలి కదా గురూగారూ!