అప్‌డేట్: సోలార్ ఫిల్టర్ పెట్టినా సూర్యబింబం వెలవెలబోవడానికి కారణం దొరికింది

టెలిస్కోప్ ముందుభాగానికి సోలార్ ఫిల్మ్ ఫిల్టర్ తొడిగి చూసినప్పుడు సూర్యబింబం మీద పొగమంచులాంటి వెలుగు పరుచుకుంటోందనీ, సూర్యమచ్చలు పలచబడి కనిపిస్తున్నాయనీ, ఇలా చూడటం కంటికి క్షేమమేనా అనీ ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫిల్టర్‌ను విప్పి ప్రకాశవంతమైన దీపానికి ఎదురుగా పట్టి చూడమన్న సలహాయే పనికొచ్చింది. ఖగోళ పరిశీలనలో ఎంతో అనుభవమున్న ఒకరు చీకటి గదిలో అలా పరీక్షించి, ఫిల్మ్‌ను చట్రానికి అతికించిన అంచు వెంబడి లోహపు పూత లేచిపోయి, సూదిమొనంత రంధ్రాలు వరుసగా మెరుస్తుండటం నాకు చూపించారు. కాంతిలో దాదాపు లక్షో వంతును మాత్రమే లోపలికి వదలవలసిన ఫిల్మ్ కాబట్టి, అంత చిన్న రంధ్రాల గుండా వచ్చే వెలుగు కూడా బింబాన్ని వెలవెలబోయేలా చేయడానికి చాలుననీ, అటువంటి ఫిల్టర్‌ను ఇక వాడనే కూడదనీ ఆయన గట్టిగా చెప్పారు. కొత్త ఫిల్మ్ అమర్చాక మచ్చల నల్లని నడిభాగమూ, దాని చుట్టూ ఉండే బూడిదరంగు వలయమూ విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ముందు అనుమానించినట్టు ఫిల్మ్ మీది ముడతలకూ, ఐపీస్‌కూ (కన్ను పెట్టి చూసే కటకానికీ) దీనితో సంబంధం లేదని తేలింది. కొత్త ఫిల్మ్ కూడా కొద్దిపాటి ముడతలతోనే ఉంది, దాన్ని లాగి బిగించకూడదు కూడా. ఐపీస్‌కు బిగించే చిన్న సోలార్ ఫిల్టర్ కొనమన్న సూచనను మాత్రం ఎవరూ పాటించవద్దని వేడుకుంటున్నాను: అక్కడ కేంద్రీకృతమయ్యే వేడికి ఆ గాజు ఉన్నట్టుండి పగిలిపోవచ్చు. ఫైండర్‌కు (గురి చూసుకోవడానికి టెలిస్కోప్‌కు పక్కన ఉండే చిన్న దుర్భిణికి) మూత పెట్టి, టెలిస్కోప్ గొట్టం నీడ నేలమీద అతి చిన్నదయ్యేలా తిప్పి సూర్యుణ్ణి పట్టుకునే పద్ధతి చక్కగా పనిచేస్తోంది.