షికాగోలో రెండు రోజులు: నలుగురు మిత్రులం, కారు అద్దెకు తీసుకోవాలా?

కాకినాడ కాజా:
నమస్కారమండీ. కాకినాడలో ఒకే గదిలో ఉండి ఇంజనీరింగ్ చదివిన నలుగురం ఇప్పుడు తలో దిక్కున ఉన్నాం. నేను సెయింట్ లూయిస్‌లో, మిగతావాళ్ళు డాలస్, న్యూజెర్సీ, మిన్నియాపొలిస్‌లలో. అందరికీ అందుబాటులో ఉంటుందని షికాగో అనుకున్నాం. అక్టోబరు రెండో శని, ఆదివారాలు. టికెట్లు ఇంకా కొనలేదు. శనివారం పొద్దున దిగి, ఆదివారం సాయంత్రం ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోవాలి.

మా డాలస్ వాడు అప్పుడే ఒక పట్టిక పంపాడు. విల్లిస్ టవర్, హాన్‌కాక్ భవనం, నేవీ పియర్, రెండు మ్యూజియాలు, అరోరా బాలాజీ గుడి, లెమాంట్ రామాలయం, మనవాళ్ళ కొట్లుండే డెవాన్ వీధి అన్నీ అందులో ఉన్నాయి. భోజనానికి మాత్రం ఎక్కడా అరగంట వదల్లేదు. వీటన్నిటికీ విమానాశ్రయంలోనే పెద్ద కారు తీసుకుందామంటాడు. న్యూజెర్సీ వాడేమో ఊళ్ళో కారు దండగ అంటాడు. వాట్సాప్‌లో రోజూ ఇదే రగడ. మాలో ఒకడు గుడ్డు కూడా ముట్టడు, అదీ దృష్టిలో పెట్టుకుని ఎవరైనా తీర్పు చెప్పి పుణ్యం కట్టుకోండి.

సరస్సు ఒడ్డు:
కాజా గారూ, కారు సంగతి తర్వాత, ముందు తేదీ మార్చండి. అక్టోబరు రెండో ఆదివారమంటే ఇక్కడ మారథాన్. గ్రాంట్ పార్కులో మొదలై, ఊరంతా తిరిగి, మళ్ళీ అక్కడికే వస్తుంది. పరుగెత్తేవాళ్ళే దాదాపు యాభై వేల మంది. వాళ్ళకు చప్పట్లు కొట్టడానికి వచ్చేవాళ్ళు వేరు. హోటల్ ధరలు ఆకాశంలో ఉంటాయి, వీధులు తెల్లవారకముందే మూసేస్తారు. మీ మిత్రుడి పెద్ద కారు ఆ పూట పార్కింగ్‌లోంచి కదిలితే గొప్పే. తర్వాతి వారానికి జరపండి. ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ళు సాధారణంగా అక్టోబరు మధ్యలోనే ఓపెన్ హౌస్ పెడతారు. మామూలు రోజుల్లో గడప దాటనివ్వని భవనాల్లోకి కూడా ఉచితంగా వెళ్ళవచ్చు. తేదీలు వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఇక కారు. న్యూజెర్సీ ఆయనే గెలిచాడు. ఓహేర్ విమానాశ్రయంలో దిగినవాళ్ళు బ్లూ లైన్ రైలు, మిడ్‌వే విమానాశ్రయంలో దిగినవాళ్ళు ఆరెంజ్ లైన్ రైలు ఎక్కితే నేరుగా లూప్‌కు వచ్చేస్తారు. లూప్ అంటే రైలు పట్టాలు ఇళ్ళ మధ్య గాలిలో చుట్టుకుని ఉండే పాత వ్యాపార కేంద్రం. గది అక్కడే తీసుకోండి. మీరు సెయింట్ లూయిస్ నుంచి ఆమ్‌ట్రాక్ రైల్లో రండి. దాదాపు ఐదు గంటలు, కారులో వచ్చినా అంతే. దిగేది యూనియన్ స్టేషన్‌లో, నదికి కూతవేటు దూరంలో. హోటల్ వాళ్ళు ఒక రాత్రి పార్కింగ్‌కు అడిగే డబ్బుతో నలుగురూ సుష్ఠుగా భోంచేయవచ్చు. పైగా నది వెంట వాకర్ డ్రైవ్ అని ఒక రోడ్డుంది, అది ఒకదాని కింద ఒకటిగా అంతస్తుల్లో ఉంటుంది. కింది అంతస్తులోకి దిగారా, ఫోనులో దారి చూపే బాణం వెళ్ళి నదిలో ఈదుతుంటుంది. వెనకనుంచి లారీ హారన్ మోగిస్తుంటే ఎటు తిరగాలో తోచదు.

టవర్లతో సహా పట్టికలో సగం కొట్టేయండి, లేనిది ఒకటి చేర్చండి: పడవ. మిషిగన్ అవెన్యూ వంతెన పక్కన మెట్లు దిగితే ఆర్కిటెక్చర్ సెంటర్ పడవలుంటాయి, గంటన్నర ప్రయాణం. వివరించేవాళ్ళు స్వచ్ఛందంగా వచ్చే ఊరివాళ్ళు, భవనం గురించి సొంతింటి గురించి చెప్పినంత మురిపెంగా చెబుతారు. మెరీనా సిటీ జంట భవనాల దగ్గర తల ఎత్తి చూడండి. అచ్చం మొక్కజొన్న పొత్తులే. కింది పంతొమ్మిది అంతస్తుల్లో మనుషులు లేరు, అంచుదాకా కార్లే. ఆ నది కూడా ఒకప్పుడు మిషిగన్ సరస్సులోకి పారేది. ఊరి మురికంతా తాగునీటిలో కలుస్తోందని, కాలువ తవ్వి 1900లో దాని దిక్కే మార్చేశారు. గోదావరి జిల్లాల వాళ్ళకు కాలువల గురించి నేను చెప్పేదేముంది! శనివారం మధ్యాహ్నానికి టికెట్లు ముందే కొనండి, పై అంతస్తులోనే కూర్చోండి, గాలికి ఆగే జాకెట్టు తెచ్చుకోండి.

ఆదివారం పొద్దున్నే మిలీనియం పార్కుకు వెళ్ళండి. పదయ్యేసరికి అక్కడి 'గింజ' (బీన్) అనే ఉక్కు శిల్పం చుట్టూ పెళ్ళి ఫొటోలవాళ్ళు చేరిపోతారు. దాన్ని చేసిన అనీష్ కపూర్ పుట్టింది ముంబైలో. 168 ఉక్కు పలకలు అతికించారట, వేలితో తడిమినా అతుకు తెలియదు. రోడ్డు దాటితే కల్చరల్ సెంటర్, 1897 నాటి పాత గ్రంథాలయం. పైన టిఫానీ అద్దాల గుమ్మటం, రుసుము లేదు. నేవీ పియర్ మానేసినా నష్టం లేదు, వేసవి శనివారాల బాణసంచా అప్పటికి అయిపోతుంది.

డెవాన్ దినుసులు:
సరస్సు ఒడ్డు గారి మాటల్లో చాలావాటికి నేనూ ఒప్పుకుంటాను. గుళ్ళ గురించి ఒక్క ముక్క. అరోరా, లెమాంట్ రెండూ ఊరికి చాలా దూరం, రెండు వేరు దిక్కులు. ఒకటే పెట్టుకోండి, అదీ అందరికీ మనసుంటేనే. ఆ పూటకు మాత్రం కారు తీసుకోవచ్చు, తప్పులేదు.

పార్కు పక్కనే ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం వదలకండి. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. నాటి సభ జరిగిన పెద్ద హాలు ఇప్పుడు లేదు కానీ, బయట మిషిగన్ అవెన్యూలో ఆయన పేరుతో గోధుమరంగు పలక ఉంటుంది. చాలామంది గుమ్మం ముందున్న సింహాల బొమ్మల దగ్గర ఫొటో దిగి, పలక చూడకుండానే వెళ్ళిపోతారు.

తిండి విషయానికొస్తే, డీప్ డిష్ పిజ్జా, అంటే లోతు పళ్ళెంలో మందంగా కాల్చేది, ఓవెన్‌లోనే ముప్పావుగంట దాకా పడుతుంది. బాగా ఆకలేశాక వెళ్తే ఒకరినొకరు తినేస్తారు. పాలకూరతో చేసింది అడగండి, గుడ్డు సంగతి వడ్డించేవాళ్ళను నేరుగా అడగడమే మేలు. డెవాన్‌కు రెడ్ లైన్‌లో లయోలా దాకా వెళ్ళి 155 బస్సెక్కండి. భారతీయ సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో ఆ వీధిలోనే పెట్టారు. అయితే అక్కడ గుంటూరు భోజనం ఊహించుకోకండి. హైదరాబాదీ, పాకిస్తానీ, గుజరాతీ వంటలు ఎక్కువ. మన తెలుగు కుటుంబాలు చాలావరకు శివార్లలో నేపర్‌విల్ వైపు స్థిరపడ్డాయి, మన హోటళ్ళూ అటే.

ఉక్కు దూలం:
టవర్ కొట్టేయమంటే నేను ఒప్పుకోను. నేను స్ట్రక్చరల్ ఇంజనీరును, పక్షపాతం ఉందనుకోండి. విల్లిస్ టవర్‌కు లెక్కలు కట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టి, అక్కడే పాఠాలు చెప్పి వచ్చినవాడు. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగట్టి నిలబెట్టాడు. అన్నీ ఒకే ఎత్తుకు వెళ్ళవు, ఒక్కో ఎత్తులో కొన్ని ఆగిపోతాయి, చివరిదాకా వెళ్ళేవి రెండే. అలా 110 అంతస్తులు, 442 మీటర్లు. సివిల్ చదివినవాడు మీలో ఒక్కడున్నా ఎక్కాలి. 103వ అంతస్తులో గోడ దాటి బయటికి వచ్చే గాజు పెట్టెలున్నాయి. హాన్‌కాక్ కూడా ఆయనదే, రెండూ ఎక్కడం మాత్రం అనవసరం.

సరస్సు ఒడ్డు:
దూలం గారూ, టవర్ ఎక్కితే టవర్ కనబడదు కదా! ఆ గొట్టాలు ఎక్కడ ఆగాయో పడవలోంచే బాగా లెక్కపెట్టవచ్చు. సరే, ఎక్కేవాళ్ళు శనివారం చీకటిపడే వేళకు కాకుండా, ఆదివారం తెరవగానే వెళ్ళండి. సూర్యాస్తమయానికి వరుస చాంతాడంత ఉంటుంది.

కాకినాడ కాజా:
అందరికీ ధన్యవాదాలు. తేదీ తర్వాతి వారానికి జరిపాం. నేను రైల్లో వస్తున్నాను, పడవ టికెట్లు న్యూజెర్సీ వాడు కొంటున్నాడు. కారు లేదని అలిగిన డాలస్ వాడికి టవర్ ఎక్కే హక్కు రాసిచ్చాం, మాలో సివిల్ వాడు అతనే మరి. మిగతా ముగ్గురం ఆ సమయానికి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ముందు ఉంటాం. గుడి మళ్ళీ ఎప్పుడైనా. ఒక్క సందేహం: ఆదివారం గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఎక్కడ పెట్టుకోవాలి?

డెవాన్ దినుసులు:
హోటల్ రిసెప్షన్‌లోనే అడగండి, చీటీ ఇచ్చి ఉంచుకుంటారు. తీసుకునేటప్పుడు చేతిలో కొన్ని డాలర్లు పెడితే చాలు.