పదకొండేళ్ల పిల్లి తరచూ కక్కుతోంది, వెంట్రుకల ఉండలేనా?

ప్రశ్న:
ఆడ పిల్లి. రెండు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు కక్కుతోంది. ఒక్కోసారి డ్రై ఫుడ్ గింజలు గింజల్లాగే వస్తాయి, ఒక్కోసారి తెల్లారుజామున పసుపు నురగ. తిండి ఎప్పటికంటే ఎక్కువే తింటోంది, బరువు మాత్రం 4 కిలోల నుంచి 3.6కి దిగింది. వెంట్రుకల ఉండలే అంటున్నారందరూ. రెండు రోజులు పస్తు పెడితే సర్దుకుంటుందా?

జవాబు 1:
పస్తు మాత్రం పెట్టకండి. పిల్లికి కొన్ని రోజులు తిండి పడకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది, లావు పిల్లులకు మరీ ప్రమాదం. తనంతట తానే 24 గంటలు ముద్ద ముట్టకపోయినా డాక్టర్‌కి చెప్పాల్సిందే.

అసలది వాంతేనా అన్నది ముందు తేల్చుకోండి. వాంతికి ముందు పిల్లి పెదాలు నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, కడుపు పిండేసినట్టు ఎగిరెగిరి పడుతుంది. ఇవేవీ లేకుండా తల వంచగానే తిన్నది గొట్టంలా జారిపడితే అది కడుపు దాకా చేరనే లేదు, అన్నవాహికలోంచే వచ్చేసింది. ఇక మెడ చాచి, నేలకి కరుచుకుని ఖళ్ ఖళ్‌మని, చివరికి ఏమీ రాకపోతే ఆస్తమా దగ్గు కావచ్చు. దీన్నే చాలామంది వెంట్రుకల ఉండ అనుకుంటారు. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మాటల్లో చెప్పేదానికంటే పనికొస్తుంది.

జవాబు 2:
వాంతి కంటే నన్ను కలవరపెట్టింది ఆ 400 గ్రాములు. బరువులో పదో వంతు! ఈ వయసులో ఆకలి పెరిగి బరువు తగ్గుతుంటే మొదట అనుమానించాల్సింది థైరాయిడ్ ఎక్కువవడం. టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోన్ పరీక్ష)తో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రం చిక్కదనం, బీపీ చూపించండి. ఇంకో జబ్బు తోడుంటే టీ4 నార్మల్‌గా కనిపించొచ్చు, ఒక్క రిపోర్టుతో కొట్టిపారేయకండి. రక్తంలో ఏమీ దొరక్కపోతే అల్ట్రాసౌండ్. పేగు గోడ మందమైందని అందులో తెలుస్తుంది గానీ అది వాపో, లింఫోమానో (ఒక రకం క్యాన్సర్) తేల్చడానికి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, కావాలి.

జవాబు 3:
అపాయింట్‌మెంట్ దాకా: రోజు తిండి అంతే ఉంచి నాలుగైదు పూటలుగా, వెడల్పు పళ్లెంలో పరిచి పెట్టండి. గబగబా మింగడం తగ్గుతుంది. ఆఖరి పూట పడుకునే ముందు పెడితే పసుపు నురగ తగ్గొచ్చు, అది ఖాళీ కడుపులో పైత్యం. ఫుడ్ ఇప్పుడు మార్చకండి. తర్వాత మార్చినా 7 నుంచి 10 రోజులు పాతదాంట్లో కలుపుతూ మార్చాలి.

మనుషుల మాత్రలు వద్దు, పారాసిటమాల్ పిల్లికి విషం. నాలుక కింద దారం చుట్టుకుని ఉంటే లాగొద్దు. రెండో కొస పేగులో ఉంటుంది, లాగితే పేగు కోసుకుపోతుంది. దారం కనిపించినా, లిల్లీ ఆకు కొరికినా, మగ పిల్లి కక్కుతూ ఉచ్చ రాక ముక్కుతున్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
నాలుక కింద ఏమీ లేదండి. టీ4కి ఖాళీ కడుపుతో తీసుకెళ్లాలా?

జవాబు 2:
టీ4కి అక్కర్లేదు. మిగతా పరీక్షల కోసం కొన్ని గంటలు తిండి ఆపమనొచ్చు, ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్ల గిన్నె మాత్రం తీయకండి.