అమ్మాయి జపాన్ వెళ్ళేలోపు అక్కడి భోజనం ఇంట్లో అందరం రుచి చూడాలనుకుంటున్నాం. శాకాహారులకు ఏవి తగును?

ప్రశ్న (తెనాలి నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి జపాన్‌లో, టోక్యోకూ యోకోహామాకూ మధ్యనున్న కవాసాకి నగరంలో ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు 26న ప్రయాణం. మా ఇంటి నుంచి ఆడపిల్ల ఒంటరిగా దేశం దాటడం ఇదే మొదలు. ఇంట్లో మా దంపతులం, ఇద్దరు పిల్లలు, 78 ఏళ్ళ మా అమ్మ, గుండె కవాటం మార్చిన శస్త్రచికిత్స తర్వాత రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటున్న మా మామగారు ఉంటాం. అందరం శాకాహారులమే. అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు.

"నేను అక్కడ తినబోయేది మీరందరూ ఒక్కసారైనా రుచి చూడాలి నాన్నా, రేపు ఏం తిన్నావని ఫోనులో అడిగితే నేను చెప్పే పేరు మీకు తెలిసి ఉండాలి" అని అమ్మాయి కోరింది. ఆ కోరిక మాకూ నచ్చింది. పోయిన నెల బంధువుల ఇంట పెళ్ళికి హైదరాబాదు వెళ్ళినప్పుడు, జపాన్ వంటకాలు పెట్టే ఒక హోటలుకు అందరం వెళ్ళి, శాకాహారమే కావాలని రెండుసార్లు చెప్పి, మిసో సూప్ అనే చారు తెప్పించుకున్నాం. అమ్మకు అది నచ్చింది. "పులిసిన పిండి వాసన వస్తోంది కానీ నోటికి బాగుంది" అంటూ రెండు చెంచాలు తాగింది. అంతలో పక్క బల్ల వారు అడిగితే, ఆ చారును ఎండు చేప కాచిన నీళ్ళతో చేస్తారని వడ్డించే అబ్బాయి చెప్పడం మా చెవిన పడింది. అమ్మ చెంచా కింద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. తెనాలి చేరేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి రాగానే తలస్నానం చేసి, ఆ పూట మంచినీళ్ళతోనే పడుకుంది. అమ్మాయి, తన వల్లనే నానమ్మ వ్రతం చెడిందని రాత్రంతా ఏడ్చింది.

ఇప్పుడు ఆ మాట ఎత్తడానికే అందరికీ జంకుగా ఉంది. అయినా అమ్మాయి కోరిక తీరకుండా సాగనంపడానికి నాకు మనసొప్పడం లేదు. నిశ్చింతగా తినగలిగేవి ఇంట్లోనే చేసుకోవచ్చునా? నాట్టో అనే పులియబెట్టిన సోయా గింజల గురించి చదివి మా మామగారు తప్పకుండా తింటానంటున్నారు. దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించవచ్చునని తెలిసింది. మరోవైపు మా బావగారు, చలిమిడి పెట్టి ఆడపిల్లను సాగనంపే రోజున తెలియని తిండి వండడం శుభం కాదంటున్నారు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం (టోక్యోలో 11 ఏళ్ళుగా ఉంటున్న ఒక గృహిణి)

అన్నయ్యగారూ, మీరు రాసింది చదివి చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో నాకూ ఇదే జరిగింది. జపాన్ వంటకు మూలం దాషీ అనే రసం. మనం పప్పుచారుకు కందికట్టు తీసినట్టు వాళ్ళు ముందుగా దాషీ తీసుకుని, చారులోనూ, కూరలు ఉడికించే నీళ్ళలోనూ, నూడుల్స్ ముంచుకునే పులుసులోనూ దాన్నే వాడతారు. అది ఎక్కువగా కత్సువోబుషి అనే ఎండు చేప తురుముతో తీస్తారు. గిన్నెలో ముక్క కనబడదు కాబట్టి, దాన్ని చేపల వంటగా ఇక్కడివారు కూడా లెక్కించరు. "మాంసం లేదు కదా" అని మనస్ఫూర్తిగానే చెబుతారు. అందువల్ల అమ్మాయి ఇక్కడికి వచ్చాక "శాకాహారమేనా" అని అడగకూడదు, "దాషీ దేనితో తీశారు" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నను జపాన్ భాషలో నేర్పించి పంపండి.

అయితే చేప లేని దాషీ కూడా పాతకాలం నుంచీ ఉంది. బౌద్ధాలయాల్లో సన్యాసులు తినే షోజిన్ ర్యోరి అనే వంటలో మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మీ అమ్మగారి నియమాలకు ఇంత దగ్గరైన వంట ఈ దేశంలో ఉందని ఆమెకు చెప్పండి. ఆ వంటలో దాషీని కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. పుట్టగొడుగులు తిననివారికి కొంబు ఒక్కటీ చాలు. మీ అమ్మగారికి ఆ చారు నోటికి బాగుందంటే, ఆ రుచి చేపది మాత్రమే అయి ఉండనక్కరలేదు. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అని పేరు పెట్టిన ఆ రుచిని వేరు చేసింది కొంబులోనుంచే.

ఎండు కొంబు పట్టీ 10 గ్రాములు ఒక లీటరు చన్నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, సన్నని మంట మీద వేడి చేస్తూ, మరిగేలోపే తీసేయండి. పట్టీ మీద కనిపించే తెల్లని పొడి బూజు కాదు, రుచి అందులోనే ఉంటుంది, కాబట్టి కడగకుండా తడిబట్టతో తుడిస్తే చాలు. ఆ నీళ్ళలో టోఫు (సోయా పాలను విరగ్గొట్టి చేసే పనీరు లాంటిది) ముక్కలు వేసి, పొయ్యి ఆర్పాక మిసో అనే, సోయా గింజలను పులియబెట్టి చేసిన ముద్దను కరిగించండి. కొన్ని మిసో పొట్లాల్లో చేప దాషీ ముందే కలిపి ఉంటుంది. పదార్థాల జాబితా చదివి, సోయా, బియ్యం, ఉప్పు మాత్రమే ఉన్నది కొనండి.

ఇక ఉమెబోషి తప్పక తెప్పించండి. ఉమె అనే పుల్లని కాయలను ఉప్పులో ఊరవేసి, ఊట దిగాక కాయలను తీసి ఎండలో ఆరబెడతారు. మాగాయ పెట్టిన ఏ చేతికైనా ఆ పద్ధతి చెప్పక్కరలేదు. కారం, నూనె, మెంతిపిండి ఉండవు. ఉప్పు, పులుపు మాత్రం గట్టిగా తగులుతాయి. జిగురుగా ఉండే జపాన్ బియ్యంతో అన్నం వండి, మధ్యలో ఆ కాయను పెట్టి ముద్ద కట్టి, నోరి అనే నాచు పొరను చుడితే ఒనిగిరి అవుతుంది. మీ అమ్మాయి రోజూ మధ్యాహ్నం చేతిలో పట్టుకోబోయే ముద్ద అదే. ఉమెబోషిలో కూడా కొన్నిటికి చేప తురుము కలుపుతారు, అది కూడా చూసుకోండి.

శుభాశుభాల గురించి మీ బావగారు అన్న మాటకు నా దగ్గర ఒక జవాబు ఉంది. జపాన్‌లో పుట్టినరోజుకూ, బడిలో చేరినప్పుడూ, ఇంకా ఇలాంటి మంచిరోజుల్లోనూ సెకిహాన్ అనే ఎర్రన్నం వండుతారు. జిగురు బియ్యాన్ని అడ్జుకి అనే ఎర్ర గింజలతో కలిపి ఆవిరి మీద ఉడికించి, పైన నువ్వులు, ఉప్పు చల్లుతారు. టోక్యో ప్రాంతంలో అడ్జుకికి బదులు ససాగే వేయడం ఆచారం. అడ్జుకి ఉడికేటప్పుడు పొట్ట పగులుతుంది కనుక, కత్తితో పొట్ట కోసుకునే సమురాయ్‌ల ఆచారాన్ని గుర్తు చేస్తుందని దాన్ని మానేశారని చెబుతారు. ససాగే అంటే మన బొబ్బర్లే. ఎర్ర బొబ్బర్లు ఉడికించిన నీళ్ళతోనే అన్నానికి ఆ రంగు వస్తుంది. మీ ఇడ్లీపాత్రలోనే ఉడుకుతుంది, మీ వంటింట్లో ఉన్న గింజే, పైగా మంగళకరమైన అన్నం. ఇంతకన్నా తగినది నాకు తోచడం లేదు. జిగురు బియ్యాన్ని ఉడికించి దంచి చేసే మోచి కూడా చేస్తారేమో. అది మన చలిమిడికి దగ్గరి చుట్టమే కానీ బాగా సాగి గొంతుకు అడ్డం పడుతుంది. ఇక్కడ ఏటా కొత్త సంవత్సరంలో ముసలివారు దానితో ప్రమాదాల పాలవుతుంటారు. పెద్దలకు చిన్న చిన్న తుంపులు చేసి, పక్కన నీళ్ళు పెట్టి ఇవ్వండి.

సామాను విషయం ఒక్క మాట. ఇక్కడి విద్యుత్తు 100 వోల్టులు కాబట్టి మన మిక్సీ సరిగా తిరగదు, పంపకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కరివేపాకు, పళ్ళు, ముడి గింజలు తేకూడదు. పప్పులు, బెల్లం, చింతపండు కోసం దిగులు వద్దు, టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో అన్నీ దొరుకుతాయి.

రెండవ సమాధానం (వరంగల్‌లో మందుల దుకాణం నడుపుతున్న వ్యక్తి)

వంటల గురించి నాకు తెలియదు, కానీ మీ ప్రశ్నలో ఒక వాక్యం చదివి వెంటనే రాస్తున్నాను. మీ మామగారికి గుండె కవాటం మార్చారన్నారు. లోహపు కవాటం అమర్చినవారికి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ ఎసినోకుమరాల్ గానీ జీవితాంతం ఇస్తారు. వారు ఆ మందు వాడుతుంటే నాట్టో ఒక్క ముద్ద కూడా పెట్టకండి. నాట్టోలో విటమిన్ కె చాలా ఎక్కువగా ఉంటుంది, పైగా దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి కడుపులోకి వెళ్ళాక కూడా ఆ విటమిన్‌ను తయారు చేస్తుంది. దానితో మందు పనితనం కొన్ని రోజులపాటు తగ్గి, కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. జపాన్‌లో ఈ మందు రాసే వైద్యులు నాట్టో తినవద్దని రోగులకు ముందే చెబుతారు. మిసో, టోఫులతో ఇంత భయం లేదు, అయినా మిసోలో ఉప్పు ఎక్కువ కాబట్టి వారి వైద్యుణ్ణి అడిగి కొద్దిగా ఇవ్వండి. మీ మామగారు ఉత్సాహపడుతున్నారు కదా అని మొహమాటపడకండి.

మూడవ సమాధానం (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

అన్నా, మా బిడ్డను మూడేళ్ళ కింద జర్మనీకి పంపిన అనుభవంతో రాస్తున్నాను. పై చెల్లెలు చెప్పిన వంటలన్నీ చేయండి, కానీ ప్రయాణం రోజున మాత్రం వద్దు. అశుభమని నేను అనడం లేదు. ఆ రోజు ఎవరి నాలుకకూ రుచి తెలియదు. మేము ఆ పొరపాటే చేశాము. అక్కడి నల్ల రొట్టెను ఎక్కడెక్కడో వెతికి తెచ్చి, బయలుదేరే రోజు పొద్దున అందరి ముందు పెట్టాము. ఎవరూ సగం ముక్క కూడా మింగలేకపోయారు, బిడ్డ దాన్ని రుచి నచ్చకపోవడంగా అర్థం చేసుకుని చిన్నబోయింది. నాలుగైదు రోజుల ముందు ఒక ఆదివారం పెట్టుకోండి, నచ్చనిది నచ్చలేదని ధైర్యంగా చెప్పుకునే తీరిక ఉండాలి. వెళ్ళే రోజున మీ చలిమిడి మీరు పెట్టండి, మేము ఒడిబియ్యం పోసినట్టే.

ఇంకొక మాట, పెద్దదాన్నని అనుకుని చెప్పనివ్వండి. మీ అమ్మగారు ఆ రోజు మాట్లాడకపోవడం కోపంతో అని మీరు అనుకుంటున్నట్టుంది. తెలియక జరిగినదానికి దోషం లేదని ఆ వయసు వారికి మనకన్నా బాగా తెలుసు. కానీ ఆ తర్వాత ఎవరైనా ఆమె పక్కన కూర్చుని "పొరపాటు జరిగింది, మేము ముందే కనుక్కోవలసింది" అన్నారా? మీరు రాసినదాంట్లో ఆ మాట నాకు కనిపించలేదు. కొత్త వంట మొదలుపెట్టే ముందు అది చెప్పండి, వంట సామానంతా ఆమె చేతికే ఇవ్వండి. తన చేత్తో కడిగి, తన చేత్తో వండినదాన్ని ఆమె శంకించరు.

తిరిగి ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి నిన్న రాత్రి వెళ్ళింది, కవాసాకి చేరినట్టు ఇప్పుడే ఫోను వచ్చింది.

కరీంనగర్ అక్కగారు ఊహించింది నిజం. అందరం అమ్మాయిని ఓదార్చాం కానీ అమ్మ దగ్గరికి ఎవరమూ వెళ్ళలేదు. నేను వెళ్ళి తప్పయిందని చెబితే, "మీరు కావాలని పెట్టారా నాయనా, పిల్ల ఎదురుగా ఉమ్మేయలేక మింగాను, అదే నాకు కష్టమైంది" అంది. అప్పటికి రెండు వారాలుగా ఆ మాట ఆమెలోనే ఉంది.

పోయిన ఆదివారం వంట పెట్టుకున్నాం. కొంబు పట్టీని అమ్మ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ముందూ వెనుకా తిప్పి చూసి, తెల్లని పొడిని వేలితో రాసి నాలుకకు తాకించుకుని, ఆ తర్వాతనే గిన్నెలో వేయనిచ్చింది. చారు తాగి, హోటల్లో తాగిన దానికన్నా ఇది తేలికగా ఉందని చెప్పింది. ఉమెబోషి కొరికినప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, కొంతసేపటికి "ఉప్పు ఎక్కువైంది, కానీ ఎండబెట్టడం తెలిసినవాళ్ళే పెట్టారు" అని, గింజను చాలాసేపు చప్పరిస్తూ కూర్చుంది. మా మామగారు ఎసినోకుమరాల్ వాడుతున్న మాట నిజమే. వరంగల్ సోదరునికి ఎంత చెప్పినా తక్కువే. వైద్యుణ్ణి అడిగితే ఆయన కూడా నాట్టో అసలు వద్దన్నారు. మామగారు నొచ్చుకోకుండా ఒప్పుకున్నారు, మేము తింటుంటే ఎలా ఉందని ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నారు. బెండకాయ జిగురుకు పదింతలు తీగలు సాగే ఆ గింజలను నేను ఒక్క ముద్దకు మించి తినలేకపోయాను. అమ్మాయి గిన్నె ఖాళీ చేసింది. అది చూశాక ఆమె అక్కడ ఆకలితో ఉండదన్న ధైర్యం నాకు కలిగింది.

సెకిహాన్‌ను అమ్మ ఇడ్లీపాత్రలో స్వయంగా ఉడికించింది. గింజ పగలకూడదని అమ్మాయి చెబితే, మూడుసార్లు మూత తీసి చూసింది. బొబ్బర్లు వేసిన అన్నమని తెలిశాక మా బావగారు కూడా అభ్యంతరం మాని రెండోసారి పెట్టించుకున్నారు. నిన్న చలిమిడి పెట్టేటప్పుడు అమ్మ ఒక గుప్పెడు బొబ్బర్లు కొంగులో కట్టబోతే, ముడి గింజలు తీసుకుపోనివ్వరని అమ్మాయి చెప్పింది. "ససాగే అని అడిగితే అక్కడ ఇస్తారటగా, నువ్వే కొనుక్కో తల్లీ" అని ఆ గింజలను మళ్ళీ డబ్బాలో పోసింది. ఆ పేరు అమ్మకు కంఠతా వచ్చి ఉందని మాకు అప్పుడే తెలిసింది.

అమ్మాయిని విమానాశ్రయంలో దింపి తెల్లవారుజామున ఇల్లు చేరేసరికి అమ్మ మేలుకునే ఉంది. జిగురు బియ్యం ఇంకొంచెం మిగిలితే సాయంత్రం మళ్ళీ ఎర్రన్నం వండిందట. ఒక గిన్నెలో వేసుకుని, మజ్జిగ పోసుకుని తింటోంది.